+91 8819: విదేశాల నుంచి తణుకుకు ఫోన్

పశ్చిమ గోదావరి జిల్లా తణుకు పట్టణపు ఎస్టీడీ కోడ్ 08819. దేశంలో ఏ ఊరి నుంచైనా ఇక్కడి ల్యాండ్‌లైన్‌కు ఫోన్ చేయాలంటే ముందు ఈ అయిదంకెలు, ఆ వెనక ఆరంకెల ఇంటి నంబరు కొట్టాలి. దేశం దాటి వెళ్ళినవారికి మాత్రం ఈ కోడ్‌లోని మొదటి సున్నా అక్కరకు రాదు. దాన్ని తీసేసి, ఆ చోట భారతదేశపు కోడ్ 91 పెట్టాలి. కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళిన తల్లికైనా, డాలస్‌లో కంప్యూటర్ ఉద్యోగం చేసుకునే కొడుక్కైనా ఇదే పద్ధతి. చెప్పుకుంటే ఇంతే కానీ, ఆ సున్నాను ఎందుకు తీయాలో తెలియనంత కాలం ఈ పద్ధతి ఎవరికీ గుర్తుండదు. విజిటింగ్ కార్డుల మీద, దుకాణాల బోర్డుల మీద, శుభలేఖల మీద +91-08819 అని అచ్చవుతూనే ఉంటుంది. ఆ అచ్చును నమ్మి, ఉన్న అంకెలన్నీ వరసగా నొక్కితే ఫోన్ కలవకపోవడమే సహజం.

పది అంకెల లెక్క

భారతదేశంలో మామూలు ఫోన్ నంబరు పూర్తిగా రాస్తే పది అంకెలు. ల్యాండ్‌లైన్‌కైతే ఊరి కోడ్, ఇంటి నంబరు రెండూ కలిసి పది కావాలి. అందుకే ఊరు పెద్దదయ్యేకొద్దీ కోడ్ చిన్నదవుతుంది, ఇంటి నంబరు పొడుగవుతుంది. హైదరాబాద్ కోడ్ 40, ఇంటి నంబరు ఎనిమిది అంకెలు. రాజమహేంద్రవరం 883, కాకినాడ 884, విజయవాడ 866, విశాఖపట్నం 891. వీటిలో ఇంటి నంబరు ఏడంకెలు. తణుకు 8819, ఏలూరు 8812, భీమవరం 8816, తాడేపల్లిగూడెం 8818, వీటిలో ఆరంకెలు. లక్షల్లో ఫోన్లుండే నగరానికి ఎనిమిదంకెల చోటు కావాలి. తణుకులాంటి పట్టణానికి ఆరంకెల చోటే ఎన్నటికీ నిండనంత ఎక్కువ.

ఈ కోడ్‌లు ఇష్టం వచ్చినట్టు పంచిపెట్టినవి కావు. 8తో మొదలయ్యేవి ప్రధానంగా ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటక ప్రాంతాలవి. ఆ ఎనిమిది పక్కన ఇంకో ఎనిమిది వచ్చిందంటే గోదావరి జిల్లాలకు చేరినట్టే. 881, 882 పాత పశ్చిమ గోదావరి ఊళ్ళు. 885, 886 పాత తూర్పు గోదావరి ఊళ్ళు. అమలాపురం 8856, రాజోలు 8862. 86తో మొదలయ్యేవాటిలో కృష్ణా, గుంటూరు ఊళ్ళున్నాయి. 89 అయితే ఉత్తరాంధ్ర: విశాఖ 891, విజయనగరం 8922, శ్రీకాకుళం 8942. హైదరాబాద్ ఒక్కటే ఈ వరసలో లేకుండా చెన్నైతో పాటు 4 వర్గంలో కూర్చుంది.

టెలిఫోన్ శాఖ దేశాన్ని 322 పెద్ద ఛార్జింగ్ ప్రాంతాలుగా, వాటి లోపల 2,600కు పైగా చిన్న ఛార్జింగ్ ప్రాంతాలుగా విడగొట్టింది. చిన్న ప్రాంతం చాలాచోట్ల పాత తాలూకాకు సరిపోతుంది. 08819 ఒక్క తణుకు మునిసిపాలిటీకే కాక చుట్టూ ఉన్న పల్లెలకూ చెల్లడానికి కారణం అదే. రెవెన్యూ పటం మారినా టెలిఫోన్ పటం మారలేదు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలను విడదీసినప్పుడు తణుకు భీమవరం కేంద్రంగా ఉన్న పశ్చిమ గోదావరిలో ఉండిపోయింది. పక్కనే ఉన్న ఉండ్రాజవరం, పెరవలి మండలాలు రాజమహేంద్రవరం కేంద్రంగా ఉన్న తూర్పు గోదావరికి వెళ్ళాయి. కలెక్టరు మారారు, కోడ్ మారలేదు. 2014లో రాష్ట్రమే రెండైనా హైదరాబాద్ 040గానే ఉంది. మొబైల్ లైసెన్సుల లెక్కలోనైతే రెండు తెలుగు రాష్ట్రాలూ కలిపి నేటికీ ఒకే ఆంధ్రప్రదేశ్ సర్కిల్.

ఇంటి నంబరులో మొదటి అంకె కంపెనీని చెబుతుంది. బీఎస్ఎన్ఎల్ ల్యాండ్‌లైన్లు 2తో మొదలవుతాయి. ప్రైవేటు కంపెనీలు ల్యాండ్‌లైన్ రంగంలోకి వచ్చాక వాటిని గుర్తుపట్టడానికి 3, 4, 6 లాంటి అంకెలు కేటాయించి, పాత ప్రభుత్వ నంబర్లన్నిటి ముందూ 2 చేర్చారు. కాబట్టి బీరువాలో దాచుకున్న పాత డైరీలో తణుకు నంబరు అయిదంకెలతో కనిపిస్తే తప్పు రాసుకున్నారని కాదు, ముందున్న 2 అప్పటికి పుట్టలేదని అర్థం. అదే డైరీలో 958819 అని కూడా కనిపించవచ్చు. కొన్నేళ్ళపాటు దగ్గరి ఊళ్ళకు 0 బదులు 95 కొట్టే పద్ధతి నడిచింది, తర్వాత ఎత్తేశారు. ప్రపంచ పటంలో 95 మయన్మార్ కోడ్. ఒకప్పుడు కోరంగి రేవులో ఓడ ఎక్కి రంగూన్ వెళ్ళిన గోదావరి జనానికి ఈ సంగతి తెలిసి ఉంటే నవ్వుకునేవారు.

ట్రంక్ కాల్ నుంచి పసుపు బోర్డు దాకా

ఈ అంకెల వెనక ఉన్న ఏర్పాటు అంత పాతదేమీ కాదు. ఆపరేటరు ప్రమేయం లేకుండా ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి నేరుగా డయల్ చేసే ఎస్టీడీ సౌకర్యం మన దేశంలో 1960లో కాన్పూర్, లక్నో నగరాల మధ్య మొదలైంది. అంతకుముందు, ఆ తర్వాత చాలాకాలం కూడా, ఊరి నుంచి ఊరికి మాట్లాడాలంటే ట్రంక్ కాల్ బుక్ చేసి కూర్చోవాలి. ఆర్డినరీ, అర్జెంట్, లైట్నింగ్ అని మూడు తరగతులు. తొందర ఎంతో ఖర్చూ అంత. ఫోన్ లేని ఇంటివారు పొరుగింటి నంబరు ఇచ్చి పక్కన పీపీ అని రాసేవారు. పిలిపించి మాట్లాడించమని దానర్థం. తపాలా బంట్రోతు మీద కవిత రాసిన దేవరకొండ బాలగంగాధర తిలక్ తణుకువాడే. 1966లో ఆయన పోయేనాటికి ఇక్కడి సామాన్యుడికి దూరపు కబురంటే ఉత్తరమే, తొందరైతే టెలిగ్రాం.

విదేశాలకు నేరుగా డయల్ చేసే ఐఎస్‌డీ 1976లో ముంబై, లండన్ మధ్య మొదలైంది. 1984లో ప్రభుత్వ టెలిఫోన్ పరిశోధన సంస్థ సీ-డాట్ ఏర్పడి, మన వేడికీ దుమ్ముకూ తట్టుకునే చిన్న ఎలక్ట్రానిక్ ఎక్స్ఛేంజీలు తయారుచేయడంతో పల్లెలకూ పట్టణాలకూ ఎస్టీడీ చేరింది. దాని వెంటే పసుపు రంగు బోర్డు మీద ఎస్టీడీ, ఐఎస్‌డీ, పీసీఓ అని రాసిన బూత్‌లు వచ్చాయి. అద్దాల గది, ఎర్ర అంకెలతో తిరిగే మీటరు, బయట బల్ల. రాత్రి పొద్దుపోతే ఛార్జీ సగానికి, ఇంకా పోతే పావుకు తగ్గేది కాబట్టి ఆ వేళకే జనం ఎక్కువ. గల్ఫ్‌కు వెళ్ళినవారి ఇంటివాళ్ళు ఫలానా రోజు ఫలానా వేళకు బూత్ దగ్గర ఉంటామని ముందే ఉత్తరంలో రాసుకుని, అక్కడి నుంచి వచ్చే ఫోన్ కోసం కాచుకునేవారు. ఛార్జీలు మండిపోయేవి, ఎందుకంటే 2002 మార్చి దాకా విదేశీ కాల్స్ మీద వీఎస్ఎన్ఎల్ అనే ఒక్క సంస్థకే హక్కు ఉండేది. ఆ ఏడాది ఏప్రిల్ 1న ఆ రంగం అందరికీ తెరుచుకుంది, ఇంటర్నెట్ ద్వారా ఫోన్‌కూ అనుమతి వచ్చింది. 2006 మార్చిలో బీఎస్ఎన్ఎల్ దేశమంతటికీ నిమిషానికి రూపాయి పథకం తెచ్చాక ఎస్టీడీ బూత్‌ల పని ముగింపుకొచ్చింది.

సున్నా ఎవరిది?

మన పాత ఉత్తరం మీది చిరునామాను కింది నుంచి పైకి చదివితే దేశం, జిల్లా, ఊరు, వీధి, ఇల్లు అనే వరస వస్తుంది. ఫోన్ నంబరు ఎడమ నుంచి కుడికి అదే వరసలో ఉంటుంది. ఊళ్ళో ఉన్నవాడికి ఇంటి నంబరొక్కటి చాలు. రాష్ట్రంలోనో దేశంలోనో ఉన్నవాడు ఊరు చెప్పాలి. దేశం బయట ఉన్నవాడు దేశమూ చెప్పాలి.

ఈ వరసలో సున్నాకు చోటు లేదు. అది తణుకు కోడ్‌లో భాగం కాదు. అసలు కోడ్ 8819 మాత్రమే. భీమవరం నుంచి తణుకుకు చేస్తే, భీమవరం ఎక్స్ఛేంజికి 'ఇది మా ఊరి కాల్ కాదు, బయటి ఊరిది' అని చెప్పే సంకేతం ఆ సున్నా. అలాగే రెండు సున్నాలు కొడితే 'ఇది మా దేశపు కాల్ కాదు' అని అర్థం. కువైట్ నుంచి వచ్చే కాల్ భారతదేశపు గడప దాటి లోపలికి వచ్చేసరికే అది బయటి ఊరి కాల్ అని యంత్రానికి తెలుసు, ఇక సున్నాతో పనిలేదు. పనిలేకపోవడమే కాదు, అడ్డం కూడా.

తణుకు ల్యాండ్‌లైన్‌ను సరిగా రాసే పద్ధతి ఇది:

+91 8819 2○○○○○

ముందున్న ప్లస్ గుర్తు 'నువ్వున్న దేశంలో బయటికి ఫోన్ చేయడానికి ఏ అంకెలు కొట్టాలో అవి కొట్టు' అని చెబుతుంది. మొబైల్‌లో సున్నా మీట నొక్కి పట్టుకుంటే ప్లస్ వస్తుంది, మిగతాది నెట్‌వర్క్ చూసుకుంటుంది. ప్లస్ లేని ల్యాండ్‌లైన్ ఫోన్ నుంచి చేసేవారు మాత్రం ఆ దేశపు అంకెలు తెలుసుకోవాలి. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం అందరికీ సిఫారసు చేసింది 00. కువైట్, దుబాయ్, మస్కట్, దోహా, బహ్రెయిన్, సౌదీ, బ్రిటన్, మనదేశం అన్నీ దాన్నే పాటిస్తాయి. అమెరికా, కెనడాలలో 011. ఆస్ట్రేలియాలో 0011. సింగపూర్‌లో 001 లాంటివి. జపాన్‌లో 010. కాబట్టి మస్కట్‌లోని ల్యాండ్‌లైన్ నుంచి 00 91 8819, అమెరికాలోని ల్యాండ్‌లైన్ నుంచి 011 91 8819 కొట్టి ఆరంకెలు కొట్టాలి.

దేశాల కోడ్‌లు 1964లో ప్రపంచమంతటికీ పంచారు. మొదటి అంకె ఖండాన్ని సూచించేలా ఏర్పాటు: 1 ఉత్తర అమెరికా, 2 ప్రధానంగా ఆఫ్రికా, 3, 4 యూరప్, 9 పశ్చిమ, దక్షిణ ఆసియా. అందుకే మన 91 పక్కన 92 పాకిస్తాన్, 93 ఆఫ్ఘనిస్తాన్, 94 శ్రీలంక ఉన్నాయి. గోదావరి జిల్లాల వాళ్ళు బతుకుతెరువుకు వెళ్ళే కువైట్ 965, సౌదీ 966, ఒమన్ 968, యూఏఈ 971, బహ్రెయిన్ 973, ఖతార్ 974 కూడా ఆ తొమ్మిదో వర్గమే. దేశ కోడ్‌తో కలిపి ఏ నంబరూ పదిహేను అంకెలు దాటకూడదన్నది ఇ.164 అనే అంతర్జాతీయ ప్రమాణం. మన నంబరు పన్నెండుతో సరిపోతుంది. మొబైల్ నంబర్లన్నీ పదమూడు అంకెలవుతాయని 2018లో పుకారు లేచింది కానీ, ఆ పదమూడు అంకెలు మనుషులకు కాదు, యంత్రాలు యంత్రాలతో మాట్లాడుకునే సిమ్‌లకు. 91తో కలిపితే సరిగ్గా పదిహేను.

సున్నా తీసేయాలన్న సూత్రం అన్ని దేశాలకూ చెల్లదు. ఇటలీలో ల్యాండ్‌లైన్ నంబరు ముందున్న సున్నాను విదేశం నుంచి చేసినా ఉంచాలి. కువైట్‌లో ఊరి కోడ్‌లే లేవు, ఉన్నదంతా ఎనిమిదంకెల నంబరే.

91 మరిచిపోతే

తణుకు కోడ్‌తో వింత చిక్కు ఒకటుంది. సున్నా తీసేయాలని గుర్తుంచుకుని, 91 చేర్చడం మరిచిపోయి, కువైట్ నుంచి 00 8819 అని మొదలుపెట్టారనుకుందాం. ఆ కాల్ ఏ దేశానికీ వెళ్ళదు. 881 అన్నది భూమి మీది దేశం కాదు, ఉపగ్రహ ఫోన్లకు ఇచ్చిన అంతర్జాతీయ కోడ్. అందులో 8816, 8817 ఇరీడియం సంస్థవి. 8818, 8819 గ్లోబల్‌స్టార్ సంస్థకు కేటాయించినవి. తణుకు కోడ్ అచ్చంగా అదే! అంకెలు చాలక కాల్ మధ్యలోనే ఆగిపోవడం మన అదృష్టం. ఉపగ్రహ ఫోన్ నిమిషం ఛార్జీ మామూలు విదేశీ కాల్‌కు ఎన్నో రెట్లు.

తక్కిన ఊళ్ళకూ ఇలాంటి దారులున్నాయి. రాజోలు కోడ్ 8862. 91 లేకుండా కొడితే అది తైవాన్ రాజధాని తైపీ. అనంతపురం 8554 కొడితే కంబోడియా, కడప 8562 అయితే లావోస్. హైదరాబాద్ 40 రుమేనియా కోడ్, చెన్నై 44 బ్రిటన్ కోడ్, కోల్‌కతా 33 ఫ్రాన్స్ కోడ్. వీటిలో చాలా కాల్స్ అంకెల లెక్క కుదరక కలవవు. కలవని తప్పుతో పెద్ద నష్టం లేదు. చిక్కంతా కలిసే తప్పుతోనే.

కలిసే తప్పు అమెరికాలో జరుగుతుంది. అక్కడి నంబరూ పది అంకెలే, మన మొబైల్ నంబరూ పది అంకెలే. మన ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌లో తొలినాళ్ళ మొబైల్ నంబర్లు 9848, 9849తో మొదలయ్యేవి. అమెరికాలో 984 నార్త్ కరోలినా రాష్ట్రంలో రాలీ, కేరీ ప్రాంతపు ఏరియా కోడ్. తెలుగువారు గట్టిగా ఉన్న చోటు కూడా. 011 91 కొట్టకుండా తణుకులోని మేనమామకు ఫోన్ చేస్తే కేరీలో ఎవరో ఒకరు ఎత్తే అవకాశం నిజంగా ఉంది. బీఎస్ఎన్ఎల్ 9492, 9493, 9494 నంబర్లదీ ఇదే కథ: 949 కాలిఫోర్నియాలో అర్వైన్ వైపు ఏరియా కోడ్. 9490, 9491 నంబర్లకు ఆ భయం లేదు, ఎందుకంటే అమెరికాలో ఏరియా కోడ్ తర్వాతి అంకె 0 గానీ 1 గానీ ఉండదు.

ఇంతకంటే ప్రమాదం ఢిల్లీ నంబరుతో. ఢిల్లీ కోడ్ 11. అమెరికా ల్యాండ్‌లైన్ నుంచి 011 వదిలేసి నేరుగా 91 11 అని మొదలుపెడితే మొదటి మూడు అంకెలు 911, అక్కడి అత్యవసర పోలీసు నంబరు. పొరపాటున కలిస్తే పెట్టేయకుండా పొరపాటని చెప్పి పెట్టడం మంచిది. లేకపోతే ఆపదలో ఉన్నారనుకుని వాళ్ళే తిరిగి ఫోన్ చేస్తారు, ఒక్కోసారి ఇంటికీ వస్తారు. విచిత్రం ఏమిటంటే, భారతదేశంలో 011 అంటే ఢిల్లీ, అమెరికాలో 011 అంటే విదేశం. అక్కడి నుంచి ఢిల్లీకి చేసేవారు 011 91 11 కొట్టాలి. ఇవి మూడు వేర్వేరు పనులు చేసే అంకెలని తెలియనివారికి ఇదేదో అచ్చు తప్పులా కనిపిస్తుంది.

మొబైల్ నంబర్లు

మన దేశంలో మొబైల్ సేవ 1995 జులై 31న మొదలైంది. అప్పటి పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు కోల్‌కతా నుంచి ఢిల్లీలో ఉన్న కేంద్రమంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడారు. మొదట నంబర్లన్నీ 9తోనే మొదలయ్యేవి. 2003లో ప్రకటించిన జాతీయ నంబరింగ్ ప్రణాళిక 2030 దాకా సరిపోతుందని వేసిన లెక్క. ఫోన్లు ఆ లెక్కను పదేళ్ళు కూడా నిలవనీయలేదు. 9 సరిపోక 8, తర్వాత 7, ఆపైన 6తో మొదలయ్యే నంబర్లు ఇచ్చారు. 8తో మొదలయ్యే మొబైల్ నంబర్లను ఆంధ్ర, కర్ణాటక ఊళ్ళ ఎస్టీడీ కోడ్‌లతో కలగలిసిపోకుండా ఏరి ఇవ్వాల్సి వచ్చింది.

2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్ నుంచి మొబైల్‌కు చేస్తే ముందు సున్నా తప్పనిసరి చేసింది కూడా ఈ ఇరుకే. మొదట 6 నొక్కగానే అది ఊళ్ళోని ప్రైవేటు ల్యాండ్‌లైనో, మొబైలో ఎక్స్ఛేంజికి తెలియాలి కదా. మొబైల్ నుంచి మొబైల్‌కు సున్నా అక్కర్లేదు. విదేశం నుంచైతే మొబైల్‌కు కూడా +91, ఆపైన పది అంకెలు, అంతే.

ఒకప్పుడు మొదటి నాలుగంకెలు చూసి కంపెనీ చెప్పేవారు: 9848 ఐడియా, 9849 ఎయిర్‌టెల్, 9440 బీఎస్ఎన్ఎల్ అని. 2011 జనవరి 20 నుంచి దేశమంతటా నంబరు మార్చకుండా కంపెనీ మార్చుకునే వీలు రావడంతో ఆ లెక్క పోయింది. 2015 జులై నుంచి సర్కిల్ మారినా నంబరు వెంటే తీసుకెళ్ళవచ్చు. ఈనాడు మొబైల్ నంబరు ఊరినీ చెప్పదు, కంపెనీనీ చెప్పదు. ఊరు చెప్పే నంబరు ల్యాండ్‌లైన్ ఒక్కటే మిగిలింది, అది కూడా ఆసుపత్రులు, బ్యాంకులు, కార్యాలయాలు, 1947లో తణుకులో పుట్టిన ఆంధ్రా షుగర్స్ లాంటి కర్మాగారాల దగ్గర.

వాట్సాప్ వచ్చాక ఇవన్నీ ఎందుకని అడిగేవారుంటారు. వాట్సాప్‌కే ఇవి ఎక్కువ అవసరం. ప్లస్ లేకుండా పది అంకెలతో దాచుకున్న నంబరును ఆ యాప్ మీరున్న దేశపు నంబరుగా చదువుకుంటుంది. తణుకులో చదువు ముగించి అమెరికా వెళ్ళి అక్కడి సిమ్ వేసుకున్న కుర్రవాడి ఫోన్‌లో ఇంటివాళ్ళ పేర్లు సగం మాయమవడానికి కారణం సాధారణంగా ఇదే. బయల్దేరే ముందే అన్ని నంబర్లకూ +91 చేర్చుకుంటే ఆ బాధ ఉండదు. పైగా యూఏఈలో వాట్సాప్ కాల్స్ మామూలుగా పనిచేయవు. అక్కడి ప్రభుత్వం అనుమతించిన బోటిమ్ లాంటి యాప్‌లు వాడాలి, లేదా మామూలు ఐఎస్‌డీ చేయాలి. ఏళ్ళ తరబడి ప్రవాసులు వాడిన స్కైప్ 2025 మేలో మూతపడింది.

విదేశంలో ఉన్నవారికి భారతీయ నంబరు మాట్లాడటానికి కంటే బ్యాంకు ఓటీపీలకు ఎక్కువ అవసరం. 90 రోజులు వాడకుండా వదిలేసి, కనీస బ్యాలెన్సు కూడా లేకపోతే ఆ నంబరును వెనక్కి తీసుకుని ఇంకొకరికి ఇచ్చేయవచ్చు. తండ్రి పోయాక ఆయన నంబరును ఊరికే దాచుకుందామనుకునేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. 2023 జనవరిలో పది దేశాల ప్రవాసులు అక్కడి నంబరుతోనే యూపీఐ వాడుకోవడానికి అనుమతి వచ్చింది. అమెరికా, బ్రిటన్, సింగపూర్, యూఏఈ, ఒమన్, ఖతార్, సౌదీ అందులో ఉన్నాయి. గోదావరి జిల్లాల ఆడవాళ్ళు ఎక్కువగా వెళ్ళే కువైట్ ఆ జాబితాలో లేకపోవడం అన్యాయమనే చెప్పాలి.

తణుకు నుంచి బయటికి

ఇక్కడి నుంచి చేసేటప్పుడు 00 లేదా ప్లస్, దేశ కోడ్, ఆ దేశపు నంబరు. కువైట్‌కు 00 965, ఎనిమిదంకెలు. అమెరికాకు 00 1, పది అంకెలు. ఐఎస్‌డీ సౌకర్యం పెట్టించుకోని ల్యాండ్‌లైన్ నుంచి ఇది సాధ్యపడదు. +1 అన్నది అమెరికాకే కాదు, కెనడాకు, జమైకా లాంటి కరీబియన్ దీవులకూ ఉమ్మడి కోడ్. అర్ధరాత్రి ఒక్క రింగ్ ఇచ్చి ఆగిపోయే తెలియని విదేశీ నంబర్లకు తిరిగి ఫోన్ చేయకూడదు. చేసిన నిమిషానికి పడే ఛార్జీలో వాటా ఆ మోసగాళ్ళ జేబులోకి పోతుంది. విదేశం నుంచి చేస్తూ మన ఫోన్‌లో +91 నంబరు కనిపించేలా చేసే మోసాలను ఆపడానికి టెలికం శాఖ 2024 అక్టోబరు 22న ఒక వ్యవస్థ మొదలుపెట్టింది. అయినా పోలీసులమనీ, కొరియర్ కంపెనీ అనీ చెప్పేవారి నంబరు ముందు +91 కనిపించినంత మాత్రాన నమ్మనక్కర్లేదు.

వేళ విషయం కూడా చూసుకోవాలి. కువైట్, సౌదీ, ఖతార్ మనకంటే రెండున్నర గంటలు వెనక. దుబాయ్, మస్కట్ గంటన్నర వెనక. సింగపూర్ రెండున్నర గంటలు ముందు. అమెరికా తూర్పు తీరం చలికాలంలో పదిన్నర గంటలు, ఎండాకాలంలో తొమ్మిదిన్నర గంటలు వెనక. మార్చిలో, నవంబరులో వాళ్ళు గడియారం గంట అటూఇటూ జరుపుకుంటారు, మనం జరపం. ఇక్కడ రాత్రి భోజనాల వేళ డాలస్‌లో వాళ్ళు ఆఫీసుకు బయల్దేరుతుంటారు.

కలవని నంబర్లు

+91 చేర్చినా విదేశం నుంచి కలవని నంబర్లు కొన్ని ఉన్నాయి. 1800తో మొదలయ్యే టోల్‌ఫ్రీ నంబర్లు మామూలుగా దేశం లోపలికే పరిమితం. అందుకే బ్యాంకులు ప్రవాసుల కోసం వేరే నంబరు, +91తో మొదలయ్యేది, కార్డు వెనక అచ్చువేస్తాయి. ప్రయాణానికి ముందే దాన్ని రాసుకోవాలి. మూడంకెల అత్యవసర నంబర్లు అసలే దేశం దాటవు. ఆంధ్రప్రదేశ్‌లో 2005 ఆగస్టు 15న మొదలైన 108 అంబులెన్సు ఇక్కడి ఫోన్లకే పలుకుతుంది. తణుకులో ఒంటరిగా ఉన్న తల్లి పడిపోయిందని తెలిసి కువైట్‌లోని కూతురు అక్కడి ఫోన్ నుంచి 112 కొడితే పలికేది కువైట్ అత్యవసర సేవ, మనది కాదు.

కాబట్టి బయట ఉన్నవారు తణుకులోని దగ్గరి ఆసుపత్రి ల్యాండ్‌లైన్, ఊరి పోలీస్ స్టేషన్ ల్యాండ్‌లైన్, పక్కింటివారి మొబైల్, ఈ మూడింటినీ +91తో ఫోన్‌లో దాచుకుని, ఆపద లేని రోజునే ఒకసారి చేసి చూసుకోవాలి. ఇక్కడ ఉన్నవారు శుభలేఖ అచ్చుకిచ్చేటప్పుడు 08819 చోట +91 8819 అని వేయించాలి.